కాదనేవాళ్ళు లేని గది

వెలగలగూడెం,
నవంబరు.

ప్రసూనా,

బాగున్నావా అని అడగను. బాగానే ఉన్నావు, యూట్యూబ్‌లో చూశాను. డైరెక్టర్ పక్కన కూర్చుని "అడవి తల్లి ఒడిలో పుట్టిన కథ" అని చెబుతున్నావు. అడవి తల్లి ఒడిలో నువ్వెప్పుడు కూర్చున్నావే? మా గూడెం వచ్చినప్పుడు జలగలకు భయపడి మంచం దిగలేదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. చేసినప్పుడల్లా "మీటింగులో ఉన్నానే, మళ్ళీ చేస్తా" అంటావు. ఆ మళ్ళీ ఇంతవరకు రాలేదు. పైగా మాకు సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. ఎక్కేసరికి సగం కోపం ఆయాసంలో పోతుంది. ఉత్తరమైతే బడిలో పిల్లలు అన్నాలకు లేచాక కూర్చుని, కోపం ఒక్క చుక్క ఒలకకుండా రాయొచ్చు.

మీ సినిమా ట్రైలర్ చూశాం. గుట్ట మీద, రామకృష్ణ ఫోన్లో, గూడెంలో సగం మందిమి. రామకృష్ణ తెలుసు కదా, ఇలమరాజు ఇంటివాళ్ళ కుర్రాడు. కొలుపు జాతరలో మా ఇలమరాజు కథ బొమ్మలున్న పడిగె జెండా మోసేది ఈ ఏడాది వాడే. మీ కంపెనీ వాళ్ళు కొత్తగూడెంలో పంచిన టీషర్టు వేసుకొని మరీ వచ్చాడు.

ఇలమరాజు అని చెప్పి మీరు చూపించిన ఆ మనిషి ఎవరే? ఒంటికి ఇనుము, తలకు ఇనుము, గుర్రానికి కూడా ఇనుము. ఎండాకాలం మా అడవిలో కాసేపు నిలబెడితే లోపల ఉడికిపోతాడు. గోదావరి మీద రెక్కల పాము ఎగురుతూ నిప్పులు కక్కుతోంది. కక్కనివ్వు. రాజు చేతిలో కత్తి మాట్లాడుతోంది. మాట్లాడనివ్వు. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ తర్వాత ముత్తలక్క వచ్చింది. నల్ల పెదాలు, వేలెడంత గోళ్ళు. శత్రువు చేతి నుంచి బంగారం మూట తీసుకొని పకపకా నవ్వుతూ కోట తలుపు తీసింది. లోపల గాయాలతో పడుకున్న సొంత అన్న ఇలమరాజును చంపించింది. చంపించాక కూడా నవ్వుతూనే ఉంది.

ముత్తలక్క ఎవరో నీకు తెలియదా? హాస్టల్లో నా పక్క మంచం మీద పడుకొని ఎన్నిసార్లు విన్నావు ఆ పేరు! మేము ముత్తలక్క ఇంటివాళ్ళం. కొలుపులో బొమ్మల పడిగె లేచినప్పుడు దాని ముందు నడిచేది మా ఇంటి ఆడవాళ్ళు. సర్పంచి కాదు, కులపెద్ద కాదు, ఏ మగవాడూ కాదు. మా మేనత్త నాగక్క ముందు, ఆమె వెనక మేము, మా వెనక పడిగె పట్టుకొని ఇలమరాజు ఇంటివాళ్ళు. ఎందుకని నువ్వడిగితే, ఆ కథ నోటితో చెప్పం, పాటలోనే వినాలి అన్నాను. నువ్వు సినిమాలోకి వెళ్ళాక ఆ పాట కావాలంటే మా పెద్దనాయన లచ్చయ్యను డోలుతో సహా భద్రాచలం పంపాను. నిన్ను నమ్మి పంపాను.

ట్రైలర్ అయిపోగానే రామకృష్ణ ఏమన్నాడో విను. "అన్నను సంపిచ్చినోళ్ళు పడిగె ముందట నడుసుడేంది? ఈసారి మేమే ముందట నడుస్తం." నవ్వుతూనే అన్నాడు. కానీ పక్కనున్న పెద్దవాళ్ళు ఒక్కరూ వాణ్ణి కసరలేదు. అది నాకు పిడిగుద్దులా తగిలింది. కొలుపు ఫిబ్రవరిలో. అప్పటికి మీ సినిమా ఊరూరా ఆడుతుంది.

ఆ సీను రాసిందెవరు? పేరు రాయి.

పుష్పలత


హైదరాబాద్,
డిసెంబరు.

పుష్పా,

నీ చేతిరాత చూసి ఎన్నేళ్ళయిందే! సున్నాలు ఇప్పటికీ గుమ్మడికాయల్లా చుడతావు. కవరు చింపుతుంటే మన హాస్టల్ గది, వానకు కారే ఆ మూల, మనిద్దరం జరిపి జరిపి అలసిపోయిన మంచాలు అన్నీ గుర్తొచ్చాయి. తర్వాత లోపల ఉన్నది చదివాను. ఒక పూట అన్నం తినలేదు.

నీ కోపం నాకు అర్థమవుతుంది. నువ్వూ కొంచెం నా వైపు నుంచి చూడు. ఇది మీ కొలుపు మీద తీసిన డాక్యుమెంటరీ కాదు. పాతకాలపు వీరగాథను ఆధారం చేసుకున్న ఫాంటసీ సినిమా. గుర్రాలు, కవచాలు, మాయాఖడ్గం, రెక్కల పాము లేకపోతే బయటి రాష్ట్రాల్లో ఎవరూ కొనరు. ఇంటర్వెల్ దగ్గర ఒక ద్రోహం పడకపోతే కథ కుంటుతుంది. ద్రోహం బయటివాడు చేస్తే జనం పట్టించుకోరు, ఇంట్లో మనిషి చేయాలి. ఇవన్నీ మా టేబుల్ మీద నెలల తరబడి నలిగిన విషయాలు. ఒక్కరు రాసింది కాదు.

సినిమా మొదట్లో "ఇందులోని పాత్రలు కల్పితం" అని కార్డు వేస్తాం. మీ కొలుపుకు కంపెనీ తరఫున లైటింగు, పెద్ద స్వాగత ద్వారం పెట్టిస్తామన్నారు. గూడెం అందరికీ కొత్తగూడెంలో ఉచితంగా ఆట వేయిస్తారు. నేనే మాట్లాడాను.

ఇంకో మాట. చెప్పకూడదనుకున్నాను కానీ నువ్వు నన్ను దొంగను నిలదీసినట్టు నిలదీశావు కాబట్టి చెబుతున్నా. తలుపు తీసిన సంగతి మేము పుట్టించింది కాదు. లచ్చయ్య తాత పాడిందే. నా కోసం తెలుగులోకి మార్చి మరీ పాడాడు. "తలుపు తీసిందెవరు? తోడబుట్టినది. బంగారం పట్టిందెవరు? తోడబుట్టినది." ఆయన గొంతుతోనే ఉంది. ఆ రికార్డింగు పెన్‌డ్రైవ్‌లో పెట్టి దీనితో పంపుతున్నాను.

మీ ఇంట్లో పాడుకునే పాటను మేము సినిమాగా తీస్తే తప్పెలా అవుతుంది పుష్పా? నన్నడిగే ముందు ఇంట్లో అడగాల్సింది.

నీ
ప్రసూన


వెలగలగూడెం,
డిసెంబరు నెలాఖరు.

ప్రసూనా,

ఇంట్లో అడిగాను.

ముందు బడిలో కంప్యూటర్‌కు నీ పెన్‌డ్రైవ్ పెట్టి విన్నాను. అవును, పెద్దనాయన గొంతే. నా చెవులు కోసుకోవాలనిపించింది. ఇంటికి పోయి ఆయన ముందు నిలబడ్డాను. ఆయన బుట్ట అల్లుతున్నాడు.

"ఆ మాట నువ్వే పాడినవా?" అన్నాను.

"పాడిన."

"ఎందుకు పాడినవ్ పెద్దనాయినా?"

"నింద పాడకుంటే పాట ఏడికెల్లి మొదలైతది బిడ్డా?"

"మరి మిగతాది ఎందుకు పాడలె?"

ఆయన చేతిలో బద్ద ఆగింది. "ఎవలన్న కాదన్నరా?" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. నీకు ఇప్పటికీ అర్థం కాలేదు కాబట్టి రాస్తున్నా, నిదానంగా చదువు. మా పాట నిందతోనే మొదలవుతుంది. ముత్తలక్కను చంపినవాళ్ళు ఊళ్ళలో వేయించిన దండోరా అది. "తలుపు తీసిందెవరు? తోడబుట్టినది." పాడేవాడు ఆ దండోరా వాడి గొంతుతో పాడి, డోలు మీద చెయ్యి పెట్టి ఆగుతాడు. అప్పుడు ముత్తలక్క ఇంటి ఆడవాళ్ళు "కాదు!" అని అరవాలి. మళ్ళీ పాడతాడు, మళ్ళీ అరవాలి. ఆ అరుపు పడ్డాకే అసలు కథ మొదలవుతుంది. పడకపోతే డోలు దించి లేచిపోవాలి. నిందను కాదనే మనిషి లేనిచోట నిజం పాడకూడదు, ఇది మా కట్టు. చిన్నప్పుడు ఆ అరుపు కోసమే మేము కొలుపుకు ఎగబడేవాళ్ళం. మర్నాడు ఎవరి గొంతు ఎక్కువ బొంగురుపోతే వాళ్ళు గొప్ప.

ఇప్పుడు నీ రికార్డింగు మళ్ళీ పెట్టుకొని విను. నింద పాడాడు. ఆగాడు. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. గొంతు సవరించుకొని మళ్ళీ పాడాడు. మళ్ళీ ఏసీ. ఆ తర్వాత నీ గొంతు, తేనె పూసినట్టు: "అయిపోయిందా తాతా? టీ చెప్పనా?"

అయిపోలేదే! మొదలే కాలేదు!

మా వాళ్ళెవరూ లేరా అంటావేమో. బడికి ఇన్‌స్పెక్షన్ ఉందని నేను రాలేకపోయాను. అందుకే నాగక్కను తోడు పంపాను. "ఆ రోజు నువ్వెక్కడున్నవ్ అత్తా?" అని నాగక్కను అడిగాను. "నన్ను కింద బల్ల మీద కూసోమన్నది ఆ పిల్ల. సప్పుడైతే రికార్డు కరాబైతదంట. మంచిగనే చెప్పింది, బిస్కట్ పుడ గూడ ఇచ్చింది" అంది. కాదనాల్సిన నోటికి నువ్వు బిస్కెట్ పెట్టి మెట్ల కింద కూర్చోబెట్టావు. శుభ్రమైన రికార్డింగు కావాలని! మా చప్పుడే ఆ పాటకు ప్రాణం, నీకది చెత్త అనిపించింది.

"చెల్లెను పిలవకపోయినవా?" అని పెద్దనాయనను కూడా తిట్టాను. "వాళ్ళ గది బిడ్డా. వాళ్ళు కూసోమన్నంక నేను ఎట్ల లేపాలె? సిగ్గైంది" అన్నాడు. అప్పటి నుంచి ఆయన డోలు ముట్టలేదు. ముసలితనం అనుకున్నాం. అది కాదు. ఒకచోట నింద ఎత్తి వదిలేసిన పాటను అక్కడ తీర్చకుండా ఇంకోచోట ఎత్తకూడదు. అంటే కొలుపులో ఈసారి పాట లేదు. పాట లేకపోతే మా ఆడవాళ్ళు ముందు నడవరు. రామకృష్ణ వాళ్ళు అప్పుడే మొదలుపెట్టారు, ముసలాయన పాడకపోతే డీజే తెచ్చి మీ సినిమా పాట పెట్టి పడిగె ఎత్తుతారట.

కార్డు వేస్తారా? పాత్రలన్నీ కల్పితమా? అయితే మేమెవరం?

ఆ సీను తీసెయ్యమని చెప్పు. నాకు స్వాగత ద్వారం వద్దు.

పుష్పలత


హైదరాబాద్,
జనవరి.

పుష్పా,

విన్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని, తలుపు వేసుకొని. ఆ ఆగిన చోటు ఇన్నాళ్ళూ నాకు వినపడలేదు. ఆయన ఊపిరి తీసుకుంటున్నాడనుకున్నాను. వయసు కదా, అలిసిపోయాడనుకున్నాను. ఇప్పుడు వింటే ఆయన నా వైపు చూస్తూ ఎదురుచూసినట్టే ఉంది.

వెంటనే మా డైరెక్టర్ దగ్గరకు వెళ్ళాను. దాచకుండా మొత్తం చెప్పాను. సీను తీసేయడం కుదరదు. గ్రాఫిక్స్ అయిపోయాయి, సెన్సారైపోయింది, థియేటర్లు ఖరారైపోయాయి. ఆ తలుపు సీను మీదే ఇంటర్వెల్ ఉంది. నిజంగా కుదరదే, నన్ను నమ్ము.

కానీ ఆయన పూర్తిగా కొట్టిపారేయలేదు. ఆ "కాదు" అనే అరుపు సంగతి విని లేచి కూర్చున్నారు. చాలా ఒరిజినల్‌గా ఉంది, యుద్ధం సీనులో నేపథ్యంలో వాడదాం అన్నారు. ఒక సౌండ్ మనిషిని మీ గూడెం పంపిస్తాం, ఆడవాళ్ళంతా కలిసి మీ భాషలోనే కాసేపు అరిస్తే చాలు. పేర్లు కూడా వేస్తారు. అలాగైనా మీ గొంతు సినిమాలో ఉంటుంది కదా అని నాకనిపించింది. ఏమీ లేనిదానికంటే నయం కదా.

ఇది చదివి నువ్వు తిడతావని తెలుసు. తిట్టు. కానీ వాళ్ళను ఒకసారి అడిగి చూడు.

ప్రసూన


వెలగలగూడెం,
జనవరి.

ప్రసూనా,

అడిగాను. నాగక్క చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా. "నింద లేకుంట కాదంటే ఎవలిని కాదన్నట్టు? కోడినా ఏంది, అడిగినప్పుడల్లా కూసెతందుకు?"

మీ సౌండ్ మనిషి వస్తే వాగు దాటకముందే వెనక్కి పంపిస్తాం.

ఏమీ లేనిదానికంటే నయమా? మా ముత్తలక్కను మీ రాక్షసిని చేసి, ఆమె కోసం అరిచే గొంతులను తెచ్చి ఆమె పక్కనే మీ రెక్కల పాముకు వంత పాడిస్తారా? ఆ మాట నీ చేత్తో రాసేటప్పుడు నీకు కొంచెం కూడా ఎబ్బెట్టుగా లేదా? పుండు మీద కారం చల్లడం ఏన్కూరు మిరప రైతుల బిడ్డకు నేర్పక్కర్లేదు.

మీ సినిమా సంగతి వదిలేశాను. అది మీ చేతిలో ఉంది, చేసుకోండి. మా పాట మా చేతిలో ఉంది. ఇంటి ఆడవాళ్ళమంతా కూర్చుని ఒక మాట అనుకున్నాం. పాట ఎక్కడ ఆగిందో అక్కడే తీర్చాలి. అంటే భద్రాచలంలో నువ్వు రికార్డు చేసిన లాడ్జిలో, ఆ గదిలోనే. కొలుపుకు ముందు వచ్చే ఆదివారం ఆ గది కిరాయికి తీసుకుంటున్నాం. పెద్దనాయన వస్తాడు. మా ఇంటి ఆడవాళ్ళు ఎంతమంది పడితే అంతమంది వస్తారు.

నువ్వు కూడా రావాలి. రమ్మని బతిమాలడం లేదు. నింద విన్న మనిషి జవాబు వినకుండా పోకూడదు అన్నాడు పెద్దనాయన. నువ్వు లేకపోతే పాట తీరదు. ఆ రోజు కూర్చున్న చోటే కూర్చోవాలి. రికార్డరు తేవద్దు.

పుష్పలత


ఏన్కూరు,
ఫిబ్రవరి.

పుష్పా,

సినిమా విడుదలైంది, నీకు తెలిసే ఉంటుంది. నేను ఇంటికొచ్చాను. కల్లంలో మిరప ఎండబోశారు, ఇంటినిండా ఘాటు. కళ్ళు ఎర్రగా ఉంటే ఎవరూ ఎందుకని అడగడం లేదు. అదొక సౌకర్యం.

నాన్న బంధువులందరినీ ఖమ్మం తీసుకెళ్ళి చూపించాడు. మాటలు అని తెర మీద నా పేరు పడగానే లేచి ఈల వేశాడు. జన్మలో ఆయన ఈల వేయగా నేను వినలేదు. ఇంటర్వెల్‌కు ముందు ముత్తలక్క తలుపు తీసి నవ్వినప్పుడు మా పిన్ని కుర్చీలోంచి లేచి "దీన్ని కాల్చి చంపినా పాపం లేదురా" అంది. హాలంతా అదే మాట. చెప్పులు కూడా విసిరారు. నా పక్కనే కూర్చుని నాన్న చెవిలో అన్నాడు, "ఆ నవ్వు భలే రాశావమ్మా."

నువ్వు మొదటి ఉత్తరంలో పేరు రాయమన్నావు. టేబుల్ మీద అందరం కలిసి రాశామన్నాను. తలుపు అందరిదీ. నవ్వు మాత్రం నాది. మొదట రాసినదాంట్లో ఆమె ఏడుస్తూ తలుపు తీస్తుంది. అంత బాగాలేదన్నారు. నవ్విస్తే ఎలా ఉంటుంది అన్నాను. అందరూ బల్ల చరిచారు.

ఆదివారం వస్తాను. నాగక్క ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు, అయినా వస్తాను.

ప్రసూన


హైదరాబాద్,
ఫిబ్రవరి.

పుష్పా,

ఆ రోజు నువ్వు కింద, ఒక్క గదికి ఇంతమందా, పైగా డోలా అన్న లాడ్జి మేనేజరుతో పోట్లాటలోనే ఉండిపోయావు. మేము దిగి వచ్చాక నీతో సరిగ్గా మాట్లాడే ధైర్యం రాలేదు, బస్సెక్కేశాను. పైన జరిగింది నీకు రాయాలి.

గది నేననుకున్నదానికంటే చిన్నది. రికార్డింగు రోజు తాత, నేను ఉన్నప్పుడు పెద్దగా అనిపించింది. మంచం మీద, కింద, కిటికీ అరుగు మీద, బాత్రూం గడప మీద మీ ఆడవాళ్ళే. పున్నమ్మ అనే ఆమె చంటిపిల్లను నా ఒడిలో పడేసి "పట్టుకో, నాకు చేతులు కావాలె" అంది. నాగక్క నా ముందే కూర్చుంది. తిట్టినా బాగుండేది.

తాత డోలు భుజానికి తగిలించుకొని, ఆ రోజు ఆపిన చరణం దగ్గరే ఎత్తాడు. ఈసారి మీ భాషలో. అయినా నాకు తెలిసింది. ఆగాడు. నా ఒడిలో పిల్ల కూడా ఉలిక్కిపడేలా అరుపు లేచింది. కిటికీ అద్దం అదిరింది. మెట్ల కింద నుంచి కూడా ఒక గొంతు వచ్చింది, అది నీదే. తాత మళ్ళీ పాడాడు. రెండోసారి నేను కూడా అన్నాను పుష్పా. "కాదు" అన్నాను. ఎవరూ తిరిగి చూడలేదు కానీ అన్నాను.

తర్వాత కథ వచ్చింది. చరణం పాడి, నా కోసం మధ్యమధ్య తెలుగులో చెబుతూ వచ్చాడు. మీరు నోటితో చెప్పరు, నేను రాయొచ్చో లేదో తెలియదు. తప్పయితే ఈ కాగితం పొయ్యిలో వెయ్యి. ఆమె తలుపు తీసిన మాట నిజమేనట. కోట తలుపు కూడా కాదు, వెదురు తడిక. తీసి బయటికి వచ్చి, తన వెనక తడికను లోపలి నుంచి కట్టించేసింది. తలుపుకు వీపు ఆనించి కూర్చుని, మమ్మల్ని వదిలేయడానికి ఏం తీసుకుంటారని శత్రువుతో బేరం పెట్టింది. మెడలో పూసలు ఒక్కొక్కటే తెంచి ఇస్తూ, ఇచ్చినదాన్ని మళ్ళీ లాక్కుంటూ, తిడుతూ, నవ్విస్తూ. తడిక అవతల లోపలివాళ్ళు గాయపడిన అన్నను, పిల్లలను, ముసలివాళ్ళను దోనెల్లో గోదావరి దాటించేదాకా. పూసలు అయిపోయాక వాళ్ళకు విషయం తెలిసింది. తడిక ముందే చంపారు. ఇలమరాజు బతికాడు. ఆయన ఇంటివాళ్ళు ఇవాళ ఉన్నారంటే అందుకే. మీరు ముందు నడిచేదీ అందుకే.

ఇంత కథ మా చేతికి వచ్చి కూడా మేము గోళ్ళు అతికించి నవ్వించాం. ఆ బస్సులో నామీద నాకు వచ్చిన కోపం ఇంకా దిగలేదు.

ఇక్కడికి రాగానే డైరెక్టర్‌కు చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత ప్రొడ్యూసర్‌ను పిలిపించారు. ఇదే రెండో భాగం అన్నారు. అన్యాయంగా నింద మోసిన ముత్తలక్క ఆత్మ తిరిగి వస్తుందట. ఒక్కో పూసలో ఒక్కో శక్తి. రెక్కల పాము ఆమె మాట వింటుందట. ప్రొడ్యూసర్ అయితే అప్పుడే హీరోయిన్ పేరు కూడా చెప్పేశారు. మాటలు నన్నే రాయమన్నారు, ఈసారి పేరు ఒక్కదాన్నే వేస్తారట. ఆలస్యంగానైనా ఆమె మంచిదని లోకానికి తెలుస్తుంది కదా. నువ్వు సంతోషిస్తావని అనుకుంటున్నాను.

కొలుపు ఎలా జరిగిందో రాయి.

నీ
ప్రసూన


వెలగలగూడెం,
మార్చి.

ప్రసూనా,

కొలుపు జరిగింది. పాట జరిగింది.

రామకృష్ణ అన్నట్టే డీజే బండి తెచ్చాడు. మీ సినిమా పాట పెట్టి, పడిగె చేతబట్టి, మా ముందుకు వచ్చి నిలబడ్డాడు. వెనక వాడి జట్టంతా మీ టీషర్టుల్లో. పెద్దనాయన ఏమీ పట్టించుకోకుండా డోలు ఎత్తి నింద పాడాడు. ఆగాడు. మేమింకా నోరు తెరవలేదు, రామకృష్ణ వెనక నుంచి వాళ్ళమ్మ మంగమ్మ వాడి చెవి దగ్గరే "కాదు!" అని అరిచింది. వాడు పడిగె వదిలేసినంత పనిచేశాడు. మంగమ్మ పుట్టింది మా ఇంట్లోనే కదే. ఆ ఇంటికి కోడలై ఇన్నేళ్ళయింది, కొలుపులో ఇప్పుడు వాళ్ళ వైపే నిలబడాలి. "నీ అమ్మ ఎవలింటి పిల్లనో మరిసినవా? నన్ను గూడ ఎనకకు తోలుతవా?" అని వాడి టీషర్టు పట్టి గుంజింది. వాళ్ళింటికి కోడళ్ళుగా వెళ్ళిన మా ఆడవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు అందుకున్నారు. డీజే కుర్రాడు భయపడి తీగ పీకేశాడు. రామకృష్ణ తల దించుకొని వెనక్కి జరిగాడు. నాగక్క నడిచింది, మేము నడిచాం.

అది గెలుపే. కాదనను. గూడెంలో గెలిచాం.

కానీ ఈసారి కొలుపుకు కొత్తగూడెం నుంచి, ఖమ్మం నుంచి కుర్రాళ్ళు బైకుల మీద వచ్చారు. సినిమా చూసి వచ్చారు. నడుస్తున్న నాగక్క పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఒకడు తన ఫోన్లోకి చెబుతున్నాడు, "ఫ్రెండ్స్, తలుపు తీసిన ముత్తలక్క వంశం వీళ్ళే" అని. వాడికి కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. మా ఊళ్ళో జలపాతం చూపించినట్టు చూపించాడు. వాణ్ణి కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఎంతమందినని కొడతాను? ఎన్ని హాళ్ళల్లో నిలబడి కాదంటాం? మా గొంతు గోదావరి దాటదు, మీ నవ్వు దేశమంతా దాటింది. నాకు ఒళ్ళు మండుతూనే ఉంది, బతికినన్నాళ్ళూ మండుతుంది.

నీ ఉత్తరం నాగక్కకు చదివి వినిపించాను. గదిలో నువ్వు కూడా కాదన్నావని ఆమెకు తెలుసట. "ఇన్న. గొంతు సన్నగ ఉంది, అయినా అన్నది" అంది. నువ్వంటే ఆమెకు కోపం పోయింది. నన్ను కూడా పోగొట్టుకోమంది.

ప్రయత్నించాను. అందుకే నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చదివాను. ముత్తలక్కను దయ్యాన్ని చేస్తానని మీ డైరెక్టర్ అన్నది రాశావు. ప్రొడ్యూసర్ హీరోయిన్ పేరు చెప్పింది రాశావు. పూసల్లో శక్తులు పెట్టింది రాశావు. నీ పేరు ఒక్కటే వేస్తామన్నది కూడా రాశావు. ఆ మాటలన్నీ అని వాళ్ళు నీ వైపు చూసే ఉంటారు కదా. అక్కడ మా నాగక్క లేదు, మంగమ్మ లేదు, నేను లేను. ముత్తలక్క తరఫున ఆ గదిలో ఉన్నది నువ్వొక్కదానివే.

అప్పుడు నువ్వేమన్నావో మాత్రం ఎక్కడా రాయలేదు. ఏమన్నావు ప్రసూనా?

పుష్పలత